సీసా అమ్ముడుపోతుంది, మూత మిగిలిపోతుంది

అనంతపురం గుజిరీ అంగళ్ళలో ఖాళీ నీళ్ళ సీసాకు ధర ఉంది, పగిలిన బకెట్టుకు ఉంది, పాతబడిన డ్రిప్ పైపుకూ ఉంది. చీనీ తోటలో పైపులు మార్చిన రైతు పాతవాటిని చుట్టలు చుట్టి తెచ్చి తూకానికి వేస్తాడు. సీసా మూతను, షాంపూ డబ్బా మూతను, విరిగిన బట్టల క్లిప్పును, డ్రిప్ లైను చివర బిగించే ఎండ్ క్యాపును మాత్రం ఎవరూ ప్రత్యేకంగా ఏరరు. నాసిరకం ప్లాస్టిక్ కాబట్టి వదిలేస్తున్నారని మనం అనుకుంటాం. నిజానికి వీటిలో చాలావరకు మంచి సరుకే. చిన్నవి కావడమే వాటి తప్పు.

నీళ్ళ సీసా మూత సుమారు 2 గ్రాములు తూగుతుంది. కిలో కావాలంటే 500 మూతలు ఏరాలి. చెత్త ఏరే మనిషికి కూలి గిట్టేది బరువు మీద. అందుకే చెయ్యి ముందు సీసా మీదికే పోతుంది. పెద్ద కేంద్రాల్లో చెత్తను జల్లించేటప్పుడు కూడా చిన్న ముక్కలు మట్టితో, గాజుపెంకులతో కలిసి కిందికి రాలిపోతాయి. నల్లవాటికి ఇంకో చిక్కు ఉంది. పరారుణ కాంతితో ప్లాస్టిక్ రకాన్ని గుర్తించే యంత్రాలు నలుపును పోల్చుకోలేవు. ఆ రంగు కోసం కలిపిన కార్బన్ పొడి కాంతిని పీల్చేసుకుంటుంది.

పెద్ద యంత్రం వదిలేసినదాన్ని చిన్న యంత్రంతో అందుకోవచ్చు. నెదర్లాండ్స్‌కు చెందిన డేవ్ హాకెన్స్ 2013లో ‘ప్రెషస్ ప్లాస్టిక్’ పేరుతో ముక్కలు చేసే, కరిగించే, అచ్చులో నొక్కే చిన్న యంత్రాలను రూపొందించి, వాటి నమూనాలను అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఇనుము కోసి వెల్డింగ్ చేయడం వచ్చిన ఐటీఐ పిల్లలకు అవి అందని పనులు కావు. అయితే అసలు పని యంత్రం దగ్గర లేదు, ఏరడంలో ఉంది. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

సీసా పెట్ అనే ప్లాస్టిక్. దాని మూత హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్) గానీ పీపీ (పాలీప్రొపిలీన్) గానీ అయివుంటుంది. హెచ్‌డీపీఈ 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పీపీ 165 దగ్గర, పెట్ 250 దాటాక కరుగుతాయి. శనగపప్పు, పెసరపప్పు ఒకే గిన్నెలో ఉడికించినట్టే ఉంటుంది వీటిని కలిపితే. మూతల కోసం 200 డిగ్రీలు పెట్టామనుకోండి, మధ్యలో పడ్డ పెట్ ముక్క పలుకులా మిగిలిపోయి, తయారైన పలక సరిగ్గా అక్కడే పగులుతుంది. హెచ్‌డీపీఈ, పీపీ రెండూ కరిగినా ఒకదానిలో ఒకటి కలవవు. రెండూ కార్బన్, హైడ్రోజన్‌తోనే తయారైనా, పీపీ అణువుల గొలుసులో ప్రతి రెండో కార్బన్‌కూ ఒక చిన్న కొమ్మ ఉంటుంది. చల్లారేటప్పుడు దేని స్ఫటికాలు దానివే. వాటి మధ్య అతుకు బలహీనం.

విడదీయడానికి మొదటి సాధనం బకెట్టెడు నీళ్ళు. నీటి సాంద్రత 1 అనుకుంటే పెట్‌ది 1.38, నీళ్ళ గొట్టాలు చేసే పీవీసీ ప్లాస్టిక్‌ది దాదాపు అంతే. రెండూ మునుగుతాయి. హెచ్‌డీపీఈది 0.95, పీపీది 0.90. అవి తేలతాయి. తేలినవాటిలో ఏది ఏదో తెలియాలంటే మూత లోపలి గుర్తు చూడాలి. త్రిభుజంలో 2 ఉంటే హెచ్‌డీపీఈ, 5 ఉంటే పీపీ. ఈ అంకెల పద్ధతి 1988లో అమెరికాలో మొదలైంది. గుర్తు లేకపోతే మడత చూడండి. షాంపూ డబ్బా మూత ఎన్నిసార్లు తెరిచి మూసినా ఆ పల్చటి మడత తెగదు. అలాంటి మడత ఉన్న మూత సాధారణంగా పీపీయే. వంచిన చోట దాని అణువుల గొలుసులు ఒకే వరుసలో సాగి గట్టిపడతాయి.

ఏరిన మూతలను కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. తడి మిగిలితే ఆవిరై పలకలో బుడగలు కడుతుంది. ముక్కలు చేసి, ఉక్కు అచ్చులో వేసి వేడి చేసి, బిగించిన అచ్చులోనే నిదానంగా చల్లారనివ్వాలి. హెచ్‌డీపీఈ చల్లారేటప్పుడు నూటికి రెండు మూడు వంతులు కుంచించుకుంటుంది. తొందరపడి తీస్తే పలక వంకర పోతుంది. ఓపిక పడితే గోడగడియారం పలక, తాళాల కొక్కెం, సబ్బుపెట్టె, చిన్న అల్మరా అర వస్తాయి. రంగులు కూడా విడిగా ఏరితే చూడ్డానికి ఎంత బాగుంటాయో! అన్నీ కలిపితే బూడిదరంగే.

అన్నం పళ్ళేలు మాత్రం చేయకండి. ఆ మూత ముందు ఏ డబ్బాకు ఉండేదో, అందులో ఏ రసాయనం కలిపారో మనకు తెలియదు. ఎండలో కూడా పెట్టకండి. మేడ మీది బట్టల క్లిప్పులు ఒక వేసవి గడిచేసరికి పటుక్కున విరగడం అనంతపురంలో అందరం చూసినదే. అతినీలలోహిత కిరణాలకు పీపీ గొలుసులు తెగిపోతాయి. డ్రిప్ పైపు ఏళ్ళ తరబడి ఎండకు తట్టుకునేది దానిలోని నల్ల కార్బన్ పొడి వల్లే. వంటింటి పొయ్యి మీద కరిగించడం ఇంకా ప్రమాదం. పొరపాటున పీవీసీ ముక్క పడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది కళ్ళను, ఊపిరితిత్తులను మండిస్తుంది.

షాంపూ పాకెట్లు, చిప్స్ కవర్లు ఈ దారికి రావు. వాటిలో రెండు మూడు రకాల పొరలు, కొన్నిట్లో అల్యూమినియం పూత, విడదీయలేనంతగా అతుక్కుని ఉంటాయి. ఇలాంటి చెత్తను సిమెంటు బట్టీల్లో బొగ్గుకు తోడుగా మండించే పద్ధతి దేశంలో ఉంది. బట్టీ లోపల వేడి 1400 డిగ్రీల పైనే. మన తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి మున్సిపాలిటీలు అడగాల్సిన దారి అది. పాల పాకెట్టు సంగతి వేరు. అది మెత్తటి పాలిథీన్, వేడితో పనే లేదు. కడిగి, ఆరబెట్టి, పొడుగు పట్టీలుగా కోసి జడల్లా అల్లితే గుమ్మం ముందు వేసే చాప అవుతుంది. వైరు బుట్టలు అల్లిన చేతులకు ఎవరూ నేర్పక్కర్లేదు.