మెదక్ చర్చి: నూరేళ్ల లెక్క

2024 క్రిస్మస్‌తో మెదక్ చర్చికి నూరేళ్లు నిండాయి. ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న కాబట్టి ఆ లెక్క సరైనదే. లోపలికెళ్లి మూడు రంగుటద్దాల కిటికీల ముందు నిలబడితే మాత్రం ఇంకో లెక్క తేలుతుంది.

కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ) మిషనరీ. 1895లో బ్రిటిష్ సైనికుల పాదిరీగా సికింద్రాబాదు వచ్చాడు. ఆ కొలువులో మనసు నిలవక పల్లెల బాట పట్టి మెదక్ చేరాడు. అప్పటి మెదక్ నిజాం రాజ్యంలోది. అందుకే దీన్ని బ్రిటిష్ సర్కారు కట్టడాల వరసలో కలిపేయడం పొరపాటు.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ ప్రాంతాన్ని కరువు పట్టింది. ఊరికే పంచిపెట్టే బదులు పని చూపించి కూడు పెట్టాలనుకున్నాడు పాస్నెట్. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. కరువు పని అంటే మనకు గుర్తొచ్చేది చెరువు పూడిక తీయడమో, రోడ్డుకు కంకర కొట్టడమో. ఇక్కడ 175 అడుగుల రాతి గోపురం లేచింది. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100. మెతుకుసీమ అని పేరున్న చోట మెతుకు కోసం మోసిన రాళ్లివి. వాటికన్ తర్వాత ఇదే పెద్దదని ఎవరైనా చెబితే మాత్రం కాస్త తగ్గించుకుని వినండి.

ఇక కిటికీలు. గీసింది ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండు చిత్రకారుడు. బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం, అంటే సిలువ తర్వాత తిరిగి లేచి పరలోకానికి వెళ్లడం, 1927లో వచ్చింది. ఒక పక్క జననం 1947లో, ఇంకో పక్క సిలువ 1958లో. అంటే ఆరోహణం ముందొచ్చింది, సిలువ అన్నిటికన్నా చివర! మొదటి రెండూ నిజాం ఏలుబడిలో వస్తే, మూడోది వచ్చేసరికి మెదక్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఆ నడుమే, 1947 సెప్టెంబరులో మెథడిస్టులూ ఆంగ్లికన్లూ మరికొన్ని సంఘాలూ కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)గా ఏర్పడ్డాయి. మిషన్ చర్చి కాస్తా డయోసిస్‌కు, అంటే బిషప్ ఏలుబడిలోని ప్రాంతానికి, ప్రధాన చర్చి (కెథడ్రల్) అయింది.

ఈ బొమ్మలకు వెలుగు బయటి నుంచే రావాలి. పొద్దు గూకితే లోపల ఎన్ని దీపాలు వెలిగించినా మిగిలేది నల్లటి అద్దమే. చూడాలనుకుంటే ఎండ ఉండగానే వెళ్లండి.