పని కొలత గురించి అపోహలు – వాస్తవాలు: ఫ్లోర్ మీద పనిచేసే ఒక ఐఈ చెప్తున్న మాటలు

గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఇండస్ట్రియల్ ఇంజనీర్‌ని నేను, ఫ్లోర్ మీద మమ్మల్ని ఐఈ వాళ్ళు అంటారు. ఏ ఆపరేషన్‌కి ఎంత టైమ్ పట్టాలి, లైన్‌లో ఎంతమంది ఉండాలి, రోజుకి ఎన్ని పీసులు అడగటం న్యాయం అనేది లెక్కగట్టి చెప్పడం మా పని. టార్గెట్లు, ఇన్సెంటివ్‌లు, బయ్యర్‌కి ఇచ్చే కొటేషన్ అన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి, అయినా ఇది ఎలా వస్తుందో కుట్టేవాళ్ళకి ఎవరూ చెప్పరు, టార్గెట్ కోసం అరిచే ఇన్‌చార్జ్‌లకీ తెలీదు, పైన ఎక్సెల్ చూసి నిర్ణయాలు తీసుకునేవాళ్ళలో కూడా చాలామందికి తెలీదు. అందుకే నాకు ఎక్కువగా ఎదురయ్యే అపోహలు ఇక్కడ రాస్తున్నా, పొడుగైనా ఓపిగ్గా చదవండి.

అపోహ: స్టాప్‌వాచ్ పట్టుకుని వచ్చారంటే మనుషుల్ని తీసేయడానికే.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు, దీన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళంటే నాకు నచ్చదు. స్టాప్‌వాచ్‌తో పని కొలవడం 1880ల్లో అమెరికాలో మిడ్‌వేల్ స్టీల్ కంపెనీలో ఫ్రెడరిక్ టేలర్ మొదలుపెట్టాడు, బాగా చేసే మనిషిని ఎంచుకుని అతని స్పీడ్‌ని బట్టి అందరికీ టార్గెట్ పెట్టే ధోరణి కూడా దాంతోపాటే వచ్చింది. 1911 ఆగస్టులో అక్కడి వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో ఒక మోల్డర్ (లోహం పోత పోయడానికి అచ్చులు చేసే కార్మికుడు) స్టాప్‌వాచ్ ముందు పనిచేయనన్నాడు, అతన్ని పనిలోంచి తీసేశారు, దాంతో మిగతా మోల్డర్లంతా పని ఆపేసి బయటికొచ్చారు. అమెరికా పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్ళింది వ్యవహారం, చివరికి 1915 నుంచి సైన్యం కర్మాగారాల్లో టైమ్ స్టడీకి ప్రభుత్వ డబ్బు ఖర్చుపెట్టకూడదని బడ్జెట్ చట్టంలోనే రాశారు, 1949 దాకా ఆ ఆంక్ష తీయలేదు.

కానీ అదే కాలంలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే భార్యాభర్తలు ఇదే విద్యని ఇంకో దారిలో తీసుకెళ్ళారు. గోడ కట్టే మేస్త్రీ ఒక్కో ఇటుక కోసం కిందకి వంగి లేస్తున్నాడు, ఆ వంగే అవసరం లేకుండా ఇటుకల్ని నడుం ఎత్తులో అందేలా పెట్టించాడు ఫ్రాంక్, ఒక ఇటుక పెట్టడానికి 18 కదలికలు అవసరమయ్యేవి, వాటిని 5కి తెచ్చాడు. మేస్త్రీ నడుముకి శ్రమ తగ్గింది, గోడ కూడా తొందరగా లేచింది. కొలిచేది పనిని, మనిషిని కాదు అని మాకు మొదట నేర్పేది ఇదే. పని సరిగ్గా కొలిస్తే మనుషులు తక్కువున్నారన్న సంగతి కూడా అంకెల్లో బయటపడుద్ది, ఇద్దరు చెకర్ల మీద ముగ్గురి పని పడుతోందని నోటితో ఎన్నిసార్లు చెప్పినా వినని మేనేజ్‌మెంట్ షీట్ మీద నిమిషాలు కూడి చూపిస్తే వింటుంది.

అపోహ: ఫాస్ట్‌గా చేసే ఆపరేటర్ టైమ్ పట్టుకుని 60ని దాంతో భాగిస్తే గంట టార్గెట్ వచ్చేసినట్టే.

వాస్తవం: ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్తా.

షర్ట్‌కి పాకెట్ కుట్టే ఒకమ్మాయి దగ్గర నిలబడి చూస్తున్నామనుకోండి. బండిల్‌లోంచి ఫ్రంట్ ప్యానెల్ తీస్తుంది, మార్క్ మీద పాకెట్ పెడుతుంది, ఫుట్ కింద అమరుస్తుంది, కుడుతుంది, మూల దగ్గర సూది గుడ్డలోనే ఉంచి గుడ్డని తిప్పుతుంది, మళ్ళీ కుడుతుంది, ఇంకో మూల, చివర్లో రివర్స్ కుట్టు వేసి దారం కట్ చేసి పీసుని పక్కకి తోస్తుంది. చాలా ఆపరేషన్లలో సూది నిజంగా నడిచే టైమ్ మొత్తంలో సగం కూడా ఉండదు, మిగతాదంతా చేతుల పనే. అందుకే మేం మొత్తం సైకిల్‌ని ఒకే ముద్దగా కాకుండా ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకీ టైమ్ రాస్తాం, పీసు తీయడంలో టైమ్ పోతోందా, తిప్పడంలో పోతోందా అనేది అప్పుడే తెలుస్తుంది.

సరే, సగటున పీసుకి 0.60 నిమిషం వచ్చిందనుకుందాం. 60ని 0.60తో భాగిస్తే గంటకి 100 పీసులు, ఇన్‌చార్జ్ వెంటనే బోర్డు మీద 100 రాసేస్తాడు. ఇందులో రెండు విషయాలు వదిలేశాడు. మొదటిది రేటింగ్, అంటే ఆ అమ్మాయి మామూలు స్పీడ్ కంటే ఎంత ఎక్కువలో చేస్తోంది అనేది. ఆమె చేయి తిరిగిన ఆపరేటర్, మామూలు స్పీడ్‌ని 100 అనుకుని ఆమెకి 110 రేటింగ్ ఇచ్చామనుకోండి, 0.60 ఇంటూ 1.10 అంటే 0.66 నిమిషం, దీన్ని బేసిక్ టైమ్ అంటాం. రెండోది అలవెన్సులు. మనిషి నీళ్ళు తాగాలి, బాత్రూమ్‌కి వెళ్ళాలి, అలసట తీర్చుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్‌ఓ వాళ్ళ పట్టికలో వ్యక్తిగత అవసరాలకి మగవాళ్ళకి 5 శాతం, ఆడవాళ్ళకి 7 శాతం, కనీస అలసటకి ఎవరికైనా 4 శాతం ఇవ్వాలని ఉంది, నిలబడి చేసే పనికి, వేడికి, వెలుతురు సరిపోకపోతే దానికి ఇవన్నీ ఇంకా పైన కలుస్తాయి. వీటికి తోడు మిషన్ తరఫున వచ్చేవి, సింగిల్ నీడిల్ మిషన్‌లో బాబిన్, అంటే కింది దారం చుట్టిన చిన్న రీలు అయిపోతుంది, మార్చాలి, దారం తెగుతుంది, ఎక్కించాలి. ఈ అమ్మాయికి 7, 4 కలిపి 11, మిషన్‌కి ఇంకో 7 అనుకుంటే మొత్తం 18 శాతం, 0.66కి అది కలిపితే సుమారు 0.78 నిమిషం, దీన్నే స్టాండర్డ్ టైమ్ అంటాం. ఇప్పుడు గంటకి 77 పీసులు.

బోర్డు మీద 100, న్యాయంగా రావాల్సింది 77. 8 గంటల్లో తేడా 184 పీసులు. ఆ 184 పీసుల కోసం సాయంత్రం దాకా మాటలు పడేది ఆ అమ్మాయే, నీళ్ళు తాగితే బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానేసేదీ ఆమే. పైగా 77 అనేది స్టాండర్డ్ స్పీడ్‌తో వచ్చే లెక్క, ఆమె తన 110 స్పీడ్‌లో చేస్తే 85 దాకా చేస్తుంది, ఇన్సెంటివ్ ఉన్న చోట 77 పైన చేసినవాటికి ఆమెకి డబ్బు రావాలి. 100 అని రాసిన బోర్డు ఆ డబ్బు కూడా తినేస్తుంది.

అపోహ: రేటింగ్ అంటే కొలిచేవాడి ఇష్టం, నచ్చితే ఎక్కువ నచ్చకపోతే తక్కువ.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది, రేటింగ్ కంటితో చూసి ఇచ్చేదే. కానీ ఆ కంటికి ట్రైనింగ్ ఉంటుంది. చదునైన నేల మీద బరువేమీ లేకుండా గంటకి 4 మైళ్ళు, అంటే 6.4 కిలోమీటర్ల స్పీడ్‌లో నడిస్తే 100, 52 పేకముక్కల్ని 0.375 నిమిషంలో పంచితే 100, ఇలాంటి కొలబద్దలతో మళ్ళీ మళ్ళీ ప్రాక్టీస్ చేయించి కన్ను కుదిరేలా చేస్తారు. అప్పటికీ ఇద్దరు ఐఈలు ఒకే ఆపరేటర్‌కి వేరువేరు అంకెలు ఇవ్వడం జరుగుద్ది, అందుకే ఒక్కరిని చూసి ఒక్కరోజు తీసిన రీడింగ్ మీద స్టాండర్డ్ కట్టకూడదు. ఈ చిక్కు వద్దనుకునే 1948లో ఎంటీఎం (మెథడ్స్ టైమ్ మెజర్‌మెంట్) అనే పద్ధతి వచ్చింది, అందులో స్టాప్‌వాచే ఉండదు, చెయ్యి చాచడం, పట్టుకోవడం, జరపడం, వదలడం, ఇలా ఒక్కో కదలికకీ ముందే కట్టిన టైమ్ ఉంటుంది. ఆ పద్ధతిలో టైమ్ కొలిచే యూనిట్ గంటలో లక్షో వంతు, 0.036 సెకను. ఇప్పుడు గార్మెంట్స్‌లో వాడే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇలా ముందే కట్టిన టైముల మీదే నడుస్తాయి, అయితే సాఫ్ట్‌వేర్‌లో పడ్డ కదలికలు ఫ్లోర్ మీద జరిగే కదలికలేనా అనేది మాత్రం ఎవరో ఒకరు వెళ్ళి నిలబడి చూడాల్సిందే.

అపోహ: లైన్ ఎఫిషియెన్సీ 60 అంటే ఆపరేటర్లు 40 శాతం ఖాళీగా కూర్చున్నారు.

వాస్తవం: 30 మంది ఆపరేటర్లు, 480 నిమిషాలు, షర్ట్ మొత్తానికి స్టాండర్డ్ టైమ్ 12 నిమిషాలు అనుకోండి. 14,400 నిమిషాలు ఉన్నాయి, 1200 షర్టులు రావాలి, 720 వచ్చాయి, ఎఫిషియెన్సీ 60. ఇక్కడిదాకా లెక్క కరెక్టే. ఇప్పుడు కాలర్ ఫ్యూజింగ్ (కాలర్‌కి లోపలి గట్టి గుడ్డ అతికించే సెక్షన్) నుంచి గంటపాటు మాల్ రాలేదు, 30 మందీ గంట కూర్చున్నారు, అదొక్కటే 1800 నిమిషాలు. ఆ నిమిషాలు తీసేసి చూస్తే అదే మనుషులు అదే రోజు చేసింది 68 శాతం పైన. కొత్త స్టైల్ ఎక్కిన మొదటి రోజులైతే చేతులు అలవాటు పడే దాకా ఎలాగూ తగ్గుద్ది. మాల్ లేక ఆగింది, కరెంట్ పోయింది, మిషన్ ఆగింది, రీవర్క్ (తప్పొచ్చిన పీసుల్ని మళ్ళీ చేయడం), వీటన్నిటినీ ఆఫ్ స్టాండర్డ్ టైమ్ కింద విడిగా రాయాలి. రాయడం ఇన్‌చార్జ్‌కి ఇష్టముండదు ఎందుకంటే అది కటింగ్ మీదకో మెయింటెనెన్స్ మీదకో ప్లానింగ్ మీదకో వెళ్తుంది, వాళ్ళతో గొడవ పెట్టుకోవడం కంటే లైన్‌లో కూర్చున్న అమ్మాయి మీద అరవడం తేలిక కాబట్టి. ఆపరేటర్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, మిషన్ ఆగితే టైమ్ రాయించండి, మీకు మీరే ఒక చీటీ మీదైనా రాసుకోండి.

అపోహ: ఆఫీసుల్లో టైమ్‌షీట్ ఉంది కదా, పని కొలిచినట్టే.

హైదరాబాద్‌లో ఐటీలో ఉన్న ఫ్రెండ్స్ ఈ మాట అంటారు. టైమ్‌షీట్ ఎక్కువగా క్లయింట్‌కి బిల్లు వేయడానికి, శుక్రవారం సాయంత్రం కూర్చుని వారం మొత్తానికి రోజుకి 8 చొప్పున నింపేస్తే దాంట్లో శని ఆదివారాలు చేసిన పని ఉండదు, రాత్రి వచ్చిన కాల్స్ ఉండవు, ఎవరి అప్రూవల్ కోసమో కూర్చున్న మూడు గంటలు కూడా పని కిందే కలిసిపోతాయి. మౌస్ కదలికలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్లయితే ఇంకా అన్యాయం, ఆలోచించే మనిషి వాటికి ఖాళీగా ఉన్నట్టు కనపడతాడు.

ఒకే రకం పని మళ్ళీ మళ్ళీ రాని చోట స్టాప్‌వాచ్ పనికిరాదు, నిజమే. దానికి వర్క్ శాంప్లింగ్ ఉంది. 1927లో ఇంగ్లాండ్ నూలు మిల్లుల్లో టిప్పెట్ అనే స్టాటిస్టిక్స్ ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది, మగ్గాలు ఎంతసేపు ఆగుతున్నాయో తెలుసుకోవడానికి రోజంతా ఒక్కో మగ్గం ముందు నిలబడకుండా అప్పుడప్పుడూ వెళ్ళి ఆ క్షణంలో ఎన్ని నడుస్తున్నాయి ఎన్ని ఆగాయి అని చూసి రాసుకోవడం. హాస్పిటల్ వార్డులో నర్సులు రికార్డులు రాయడానికే ఎంత టైమ్ పోతోంది అని ఇలాగే తెలుసుకోవచ్చు. సుమారు 20 శాతం ఉండొచ్చనిపిస్తే, 4 శాతం అటూ ఇటూ తేడాతో 95 శాతం నమ్మకంగా చెప్పడానికి 400 సార్లు చూస్తే సరిపోతుంది. టైమ్‌లు మాత్రం ర్యాండమ్‌గా ఎంచుకోవాలి, నైట్ డ్యూటీ కూడా రావాలి, రోజూ పదింటికే వెళ్తే డాక్టర్ రౌండ్స్ తప్ప ఇంకేం కనపడదు. ఇందులో ఫలానా సిస్టర్ ఏం చేసింది అనేది అక్కర్లేదు, వార్డు లెక్క చాలు, ఆ మాట ముందే చెప్పి మొదలుపెడితే వాళ్ళే సాయం చేస్తారు.

అపోహ: ఎండలో చేసే కూలి పనికి ఇలాంటి లెక్కలు కుదరవు.

వాస్తవం: మన ఊళ్ళల్లోనే కుదిరింది. ఉపాధి హామీ చట్టంలోనే రాసి ఉండేది, ఒక గంట విశ్రాంతితో కలిపి 8 గంటలు పనిచేసిన పెద్ద మనిషికి నిర్ణయించిన కూలి గిట్టేలా రేట్లు పెట్టాలని, దానికోసం వర్క్ టైమ్ మోషన్ స్టడీలు చేయాలని, ఆడవాళ్ళకి, వయసు పైబడినవాళ్ళకి, వికలాంగులకి విడిగా రేట్లు కట్టాలని. అంతకుముందు వాడే రేట్లు కాంట్రాక్టర్లనీ మిషన్లనీ దృష్టిలో పెట్టుకుని కట్టినవి, వాటితో చేత్తో తవ్వేవాళ్ళని కొలిస్తే కూలి పడేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్టడీలు చేసి గ్రామీణ పనులకి వేరే రేట్లు తయారుచేశారు, నేల మెత్తనిదా గట్టిదా, మట్టి ఎంత దూరం మోయాలి, ఎంత ఎత్తుకి ఎక్కించాలి అనేవన్నీ అందులోకొచ్చాయి. ఎండాకాలం భత్యం కూడా ఏళ్ళపాటు ఇచ్చారు, ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్ మే నెలల్లో 30, జూన్‌లో మళ్ళీ 20. ఫ్యాక్టరీలో మేం షీట్ మీద వేడికి కలిపే అలవెన్సు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మే నెల ఎండలో గట్టి నేల తవ్వే మనిషికి జనవరి కొలత పెట్టకూడదని ఒక ప్రభుత్వ పథకం ఒప్పుకుంది, ఏసీ లేని షెడ్లలో ఇప్పటికీ పన్నెండు నెలలూ ఒకటే టార్గెట్ పెట్టే యాజమాన్యాలు ఇది చూడాలి.

అపోహ: ఒకసారి కొలిస్తే ఎప్పటికీ అదే.

గుడ్డ మారితే టైమ్ మారుద్ది, జారే రేయాన్‌కీ కాటన్‌కీ ఒకటే టైమ్ పెట్టడం తప్పు. మిషన్ మారినా, గుడ్డని మడత పెట్టే ఫోల్డర్ తీసేసినా, బండిల్ పెట్టే చోటు మారినా, క్వాలిటీ వాళ్ళు అంగుళానికి కుట్లు పెంచమన్నా మళ్ళీ కొలవాలి. కాబట్టి మీ టార్గెట్ ఎక్కువనిపిస్తే స్టడీ షీట్ చూపించమని అడగండి, అడగటం తప్పు కాదు. షీట్ పైభాగంలో తేదీ, గుడ్డ, మిషన్, పద్ధతి, ఎవర్ని చూసి కొలిచారు, రేటింగ్ ఎంత, అలవెన్సులు ఎంత అనేవి ఉండాలి. ఇవి ఖాళీగా ఉన్నా, పోయినేడాది ఇంకో స్టైల్ మీద తీసిన షీట్ అయినా, మీ ఐఈని పిలిచి మీ మిషన్ దగ్గరే, మీరు కుట్టే గుడ్డ మీదే మళ్ళీ కొలవమనండి.