అంతరిక్ష చిత్రాలకు రంగులు ఎవరు పూస్తారు?

టెలిస్కోప్ డేటా నుంచి చిత్రాలు సిద్ధం చేయడం నా పని. ఆ మాట చెప్పగానే పెళ్లిలోనైనా రైల్లోనైనా ఒకటే ప్రశ్న: "ఆ రంగులన్నీ మీరు పూసినవేనట కదా?" వాట్సాప్‌లో ఎవరో పంపిన ముక్క చదివి, అన్నీ గీసిన బొమ్మలేనని తీర్పు చెప్పేసేవాళ్లకు ఓపికగా జవాబివ్వడం ఈ మధ్య నావల్ల కావడం లేదు.

అపోహ: రంగులు కల్పితం.

వాస్తవం: అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోప్ కెమెరా వెలుగును కొలుస్తుంది, దానికి రంగు తెలియదు. ముందు ఫిల్టర్ పెట్టి ఒక్కో వెలుగుకు ఒక్కో నలుపు తెలుపు చిత్రం తీస్తారు. 1995లో ఈగల్ నెబ్యులా అనే వాయువు, ధూళి మేఘంలో తీసిన ధూళి స్తంభాల చిత్రమే తీసుకోండి. గంధకం వెలుగు తరంగం పొడవు 673 నానోమీటర్లు, హైడ్రోజన్‌ది 656, ఆక్సిజన్‌ది 501. మొదటి రెండూ కంటికి ఎరుపే. అలాగే చూపిస్తే ఏ వాయువు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? అందుకే గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. పొడవైన తరంగానికి ఎరుపు, పొట్టిదానికి నీలం. కంటికి ఆనని పరారుణ కాంతిలో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసే చిత్రాలకూ ఇదే వరుస. రంగు ఎంపిక మనిషిదే, ఒప్పుకుంటాను. వాయువు ఎక్కడుందో, ఎంత వెలుగుతోందో మాత్రం మా చేతిలో లేదు.

దినపత్రిక అంచున నాలుగు రంగుల చుక్కలు చూసే ఉంటారు. నాలుగు రంగుల అచ్చు ప్లేట్లు సరిగ్గా ఒకదానిపై ఒకటి పడితేనే బొమ్మ; ఒకటి జరిగితే హీరోకు రెండు మీసాలు. మా చుక్కలు నక్షత్రాలు, వాటిని బట్టే చిత్రాలు కలుపుతాం. అసలు ఫైలు తెరిస్తే తెర దాదాపు నల్లగా ఉంటుంది, మీద పిల్లి గీరినట్టు తెల్లని గీతలు. అవి కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షంలో దూసుకొచ్చే కణాలు, కెమెరాకు తగిలిన గుర్తులు. ఒకే చోటును పలుమార్లు తీసి, ఒక్కదానిలోనే కనిపించిన గీతను తీసేస్తాం.

మిగతా అపోహలకు జవాబులు గబగబా. టెలిస్కోప్ నక్షత్రాల దగ్గరకు వెళ్లదు; హబుల్ ఉన్నది సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులో, గాలి పొర అడ్డు లేకుండా ఉండటానికి. ఒక్క క్లిక్‌తో చిత్రం రాదు. 1995 డిసెంబరులో ఆకాశంలోని చిన్న ముక్కను హబుల్ తీసిన డీప్ ఫీల్డ్ చిత్రానికి పది రోజుల్లో 342 సార్లు తీశారు. వెబ్ చిత్రాల్లో నక్షత్రాల చుట్టూ కనిపించే ముళ్లు పెద్ద అద్దం ఆకారం వల్ల, దాని ముందున్న చిన్న అద్దాన్ని మోసే కడ్డీల వల్ల వచ్చేవి.

రంగుల సంగతికే మళ్లీ వస్తాను, దానికి జనం డబ్బు వదులుతోంది కాబట్టి. పోయిన చలికాలం ఒక తండ్రి, పదేళ్ల పాపతో టెలిస్కోప్ మోసుకొచ్చారు. అట్టపెట్టె మీద గులాబీ రంగు నెబ్యులా. కన్ను ఆనించే ఐపీస్‌లో చూస్తే బూడిద మరక. "మోసపోయాం సార్." పాప తల దించుకుని నిలబడింది. టెలిస్కోప్‌లో లోపం లేదమ్మా, పెట్టె మీది బొమ్మే ఎక్కువ చెప్పింది అన్నాను. మసక వెలుగులో మన కంటికి రంగు పట్టదు, వెలుగును కూడబెట్టుకోవడమూ రాదు. కెమెరాకు వచ్చు. ఆయన ఫోన్‌ను ఐపీస్‌కు ఆనించి ఒరాయన్ నెబ్యులాను నాలుగు సెకన్లు తీశాం. కాస్త చెదిరింది కానీ, లేత గులాబీ కనిపించింది. పాప వెంటనే ఫోన్ లాక్కుని, "ఈసారి పది సెకన్లు" అంది.