బావి ఈత వస్తే స్కూబాకు చాలదా?

చిన్నోడికి, పాపకు,

ఆదోని నుంచి తాత ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో మీరడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ని. మీ అవ్వ పక్కన నిలబడి "అన్నం చల్లారిపోతాంది" అని ఒకటే పోరు. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

మీ అన్న దసరా సెలవులకు ఫ్రెండ్స్‌తో అండమాన్ పోతున్నాడు, అక్కడ స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండర్ కట్టుకొని సముద్రం లోపల ఈదడం, చేస్తాడంట. దానికి కోర్సు చేసి కార్డు తీసుకోవాలని ఎవరో చెప్పినారంట. "అన్నకు బావిలో ఈత బ్రహ్మాండంగా వచ్చు కదా తాతా, సిలిండర్ వీపుకు కట్టుకొని దూకితే చాలదా?" అని చిన్నోడి ప్రశ్న. "అదంతా డబ్బులు గుంజడానికి" అని పాప వెనక నుంచి అనింది. విన్నాన్లే.

చాలదు నాయనా. బావిలో మునకలు బాగా వచ్చినోడైతే నాకు ఇంకాస్త ఎక్కువ భయం. ఎందుకో చెప్తా.

మా చిన్నప్పుడు ఊరి బయట కపిల బావి ఉండేది. ఎద్దులు తోలుబొక్కెనతో నీళ్లు తోడే బావి అన్నమాట. మీరు కపిలను చూసి ఉండరు. మాకు ఈత నేర్పింది మా చిన్నాన్న. ఎండిన సొరకాయ బుర్రలు వీపుకు కట్టి నీళ్లలోకి తోసేవాడు. ఆయన విప్పమన్నదాకా ఎవరూ బుర్రలు విప్పడానికి లేదు. పెద్దోడు గట్టు మీద లేకుండా ఒంటిగా దిగితే వీపు చిట్లేది. ఆయన మాకు సర్టిఫికెట్లు ఇయ్యలేదు గానీ, మాది ట్రైనింగ్ లేని ఈత అని మాత్రం అనుకోవద్దు.

ఈత వచ్చినాక మా పందెం ఒకటే. అడుగుకు పోయి గుప్పెడు బురద తేవాలి. బురద తేకుండా "అడుగు తాకినా" అంటే నమ్మేవాళ్లు కాదు. దానికి చిన్నాన్న చెప్పిన కిటుకులు రెండు. రొమ్ము నిండా గాలి పీల్చి నోరు గట్టిగా మూసుకో. అడుగు తాకగానే కాళ్లతో తన్ని సర్రున పైకి వచ్చెయ్. బావిలో ఆ రెండూ సరైనవే. సిలిండర్ వేసుకొని దిగినోడికి మాత్రం ఆ రెండే ప్రాణం మీదికి తెస్తాయి.

ఎందుకంటారా? మన ఊళ్లో పత్తి బోరెం, అదే పెద్ద గోనెసంచి, తొక్కడం చూసినారు కదా. పత్తి వదులుగా పోస్తే బోరెం ఇట్టే నిండిపోతుంది. మనిషి లోపలికి దిగి తొక్కితే సగానికి దిగుతుంది. మళ్లీ అంత పోయొచ్చు. చేతిలో అదే బోరెం, లోపల రెండింతల పత్తి.

గాలి కూడా పత్తే అనుకోండి. మన ఊపిరితిత్తులు బోరెం. తొక్కేది నీళ్లు. సముద్రంలో 10 మీటర్లు దిగేసరికి మన మీద పడే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. 20 మీటర్లకు మూడింతలు, 30కి నాలుగింతలు. ఫ్రాన్సులో కుస్తో అనే నేవీ అధికారి, గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి 1943లో ఒక పరికరం చేసినారు. మనిషి ఏ లోతులో ఉంటే ఆ లోతు ఒత్తిడికి తగ్గట్టు గాలిని నోటికి అందిస్తుంది. ఇప్పటి స్కూబా అంతా దాని వంశమే. అది లేకపోతే అంత బరువు నీళ్ల కింద రొమ్ము విప్పి గాలి పీల్చడమే కుదరదు. కాబట్టి 10 మీటర్ల కింద ఒక్క ఊపిరి పీల్చినావంటే, నీ బోరెంలో రెండు బోరేల పత్తి ఉన్నట్టు.

ఇప్పుడు బోరెం మూతి కుట్టేసినావు, అంటే ఊపిరి బిగబట్టినావు. పైకి బయలుదేరినావు, అంటే తొక్కేవాళ్లు దిగిపోయినారు. లోపలి పత్తి ఉబ్బక ఏం చేస్తుంది? కుట్టు పిగులుతుంది. ఊపిరితిత్తుల పొర చిరిగి, గాలి రక్తనాళాల్లోకి దూరి మెదడుకు పోతే మనిషి నీళ్ల పైకి వచ్చీ రాకముందే స్పృహ తప్పొచ్చు. అదే మూతి తెరిచి ఉంటే ఎక్కువైన పత్తి దానంతటదే బయటికి పొర్లిపోతుంది. అందుకే ఆ కోర్సులో మొట్టమొదట చెప్పే మాట, ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు, పీలుస్తూ వదులుతూ ఉండు అని.

"లోతుకు పోకుంటే సరి కదా" అని చిన్నోడు అంటాడు, నాకు తెలుసు. లెక్క వేసి చూడు. 30 నుంచి 20కి వస్తే ఒత్తిడి నాలుగింతల నుంచి మూడింతలకు దిగుతుంది. ఆఖరి 10 మీటర్లలో ఏకంగా సగమైపోతుంది. పత్తి ఎక్కువగా ఉబ్బేది పైపైనే. నిండుగా గాలి పీల్చి బిగబట్టి మీటరున్నర లోతు నుంచి లేచినా దెబ్బ తగలొచ్చు. స్విమ్మింగ్ పూల్‌లో కూడా!

మరి మాకు బావిలో ఏమీ కాలేదే అంటారా? మేం బోరెం నింపుకున్నది గట్టు మీద. ఒక బోరెం పత్తితో దిగినాం, కింద తొక్కుడు పడి సగమైంది, పైకొస్తే మళ్లీ ఒక్క బోరెమే. కొత్తగా లోపల పోసినోడు ఎవడూ లేడు. ఇంత చిన్న సంగతిలో అంత తేడా ఉంది.

స్కూబా వీడియో దొరికితే చేపల్ని కాసేపు వదిలేసి బుడగల్ని చూడండి. నోటి దగ్గర చిన్నగా బయలుదేరి, ఎక్కేకొద్దీ పెద్దవై, పైకి చేరేసరికి వెడల్పుగా పరుచుకుంటాయి. ఒక్కొక్క బుడగా ఈ ఉత్తరంలో ఉన్నదే చెప్తుంది. తాత ఇంత కాగితం ఖరాబు చేసినాడు, బుడగ క్షణంలో చెప్పేసింది! నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

అందరూ "ఆక్సిజన్ సిలిండర్" అంటారు గానీ మామూలుగా అందులో ఉండేది మనం పీల్చే గాలే. జిన్నింగ్ మిల్లులో 170 కిలోల దూదిని ప్రెస్సు కింద ఒక్క బేలుగా బిగిస్తారు చూడండి, అట్లా బిగించిన గాలి. ఒట్టి ఆక్సిజనైతే 6 మీటర్లు దాటినాక అదే విషమై మూర్ఛ తెప్పించగలదు. గాలి ఖర్చూ లోతును బట్టే. 10 మీటర్ల కింద పైన వాడేదానికి రెట్టింపు అయిపోతుంది. టెన్షన్ పడినోడికి ఇంకా ముందే అయిపోతుంది.

గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్. లోతులో అది రక్తంలోకి, కండలోకి, కొవ్వులోకి ఇంకుతుంది. మెల్లగా పైకొస్తే వచ్చిన దారినే ఊపిరితో బయటికి పోతుంది. తొందరపడితే ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్లు పట్టేస్తాయి, ఒక్కోసారి కాళ్లు చచ్చుబడతాయి. దీనికీ పత్తినే వాడదామని చూసినా. మిల్లులో పనిచేసినోళ్ల జుట్టుకు, బట్టలకు దూది పింజలు పట్టుకొని దులిపితే గానీ పోవు కదా, అట్లా. సరిగ్గా అతకలేదు, పోనీయండి. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేచి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి రావడం డైవర్ల పద్ధతి. చిన్నాన్న నేర్పిన సర్రున లేవడం అక్కడ పనికిరాదు.

కళ్లద్దాల మాస్కులోకి నీళ్లు వస్తే ఏం చేస్తావు? తెలియనోడు ముక్కుతో పీలుస్తాడు, పొలమారుతుంది, బెదిరిపోతాడు. బెదిరినోడు చేసేది ఊపిరి బిగబట్టి పైకి పరుగెత్తడం. కోర్సులో సగం పని ఈ బెదురు తీయడమే. నిలువు లోతు నీళ్లలో మాస్కు నింపి ఖాళీ చేయిస్తారు, నోట్లోది తీసి మళ్లీ పెట్టుకోమంటారు, గాలి అయిపోతే పక్కవాడిది పంచుకోవడం నేర్పుతారు. చెవులు నొప్పి పుట్టకముందే ముక్కు పట్టుకొని మెల్లగా ఊది సర్దుకోవడం కూడా. జలుబు చేసినోడికి ఇది కుదరదు, వాడు ఆ రోజు గట్టు మీదే ఉండాలి. సైగలు సరేసరి. మీ అన్న ఫోటోల్లో బొటనవేలు ఎత్తి "సూపర్" అంటాడే, నీళ్లలో దానికి అర్థం "పైకి పోదాం" అని! బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ఇదంతా మూడు నాలుగు రోజుల పని. పాప అన్నట్టు డబ్బులు తీసుకుంటారు, నిజమే. ఆ కార్డుతో 18 మీటర్ల వరకు జోడీతో కలిసి దిగొచ్చు.

కార్డు లేనోళ్లకు ఇంకో దారి ఉంది. మొదటిసారి రుచి చూసేవాళ్లను ఇన్‌స్ట్రక్టరు పట్టుకొని తీసుకుపోతాడు. 12 మీటర్లు దాటనియ్యడు, ముందు నిలబడగలిగే లోతులో ఊపిరి తీయడం నేర్పుతాడు. ఈత రానోళ్లు కూడా అట్లా పోయి వస్తున్నారు. అది తప్పు కాదు, మీ అన్న ఆ పని చేయొచ్చు. చెయ్యి వదలని ఇన్‌స్ట్రక్టరు ఉన్నంతసేపే దానికి భద్రత. ఎవరో స్నేహితుడు సిలిండర్ తెచ్చి "రా, నేను చూపిస్తా" అంటే మాత్రం పోవద్దని చెప్పండి. ఉబ్బసం, మూర్ఛ, చెవి జబ్బు ఉన్నాయా అని అడిగే ఫారం ఇయ్యకుండానే పడవ ఎక్కించే చోట కూడా దిగొద్దు. ఒక ఇన్‌స్ట్రక్టరుకు ఎంతమందిని అంటగడుతున్నారో ఎక్కేముందే అడగాలి. అడగడానికి మొహమాటం వద్దు. మన పిల్లోళ్లకు నీళ్లలోకి దూకే ధైర్యం ఉంటుంది గానీ నోరు తెరిచి అడిగే ధైర్యం తక్కువ. ఎండాకాలం వస్తే కాలవల్లో, చెరువుల్లో మునిగిపోయిన పిల్లోళ్ల వార్త లేని ఏడు లేదు.

పత్తి యార్డుకు వస్తున్న రోజులే ఇవి. ఈ ఆదివారం రండి, బోరెం కుట్టు కోసేటప్పుడు దగ్గర నిలబడి చూద్దురు. వచ్చేముందు మీ అన్న వాపసు ఫ్లైటు ఎప్పుడో కనుక్కోండి. ఒక్కసారే దిగితే 12 గంటలు, రెండు మూడు సార్లు దిగితే 18 గంటలు గడవకుండా విమానం ఎక్కకూడదు. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి ఇంకా తగ్గుతుంది కదా, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అప్పుడు బుడగలు కట్టొచ్చు. పొద్దున డైవింగ్, సాయంత్రం ఫ్లైటు అని ఉంటే టికెట్ మార్చమని ఇప్పుడే చెప్పండి, దసరా దగ్గరికొచ్చేకొద్దీ రేటు పెరుగుతుంది.

మీ తాత