యుద్ధంలో పేషెంట్‌ని షిఫ్ట్ చేయాలంటే ఎవరిని అడగాలి?

కొన్నేళ్ల కింద మా మేనమామని కర్నూలు నుంచి హైదరాబాద్ షిఫ్ట్ చేశాం, వెంటిలేటర్ మీద ఉన్న మనిషి. రెండొందల పది కిలోమీటర్ల పైచిలుకు, మంచి హైవే, టోల్‌గేట్ల దగ్గర సైరన్ వినపడగానే లేన్ ఖాళీ చేసేవాళ్లు, అయినా ఆ మూడున్నర గంటలూ నేను వెనక కూర్చుని చూసింది రెండే, మానిటర్ మీద సాచురేషన్ నంబరు, ఆక్సిజన్ సిలిండర్ మీటర్‌లో ముల్లు. పెబ్బేరు దాటాక ఒక డైవర్షన్ దగ్గర బండి గతుకులో పడి నోట్లో పైపు కొంచెం జరిగింది, సాచురేషన్ 94 నుంచి 81కి పడిపోయింది, మాతో వచ్చిన నర్సింగ్ బ్రదర్ వెంటిలేటర్ తీసేసి అంబు బ్యాగ్ పెట్టి చేత్తో నొక్కుతూ పైపు సరిచేసి మళ్లీ వెంటిలేటర్ మీద పెట్టేసరికి నిమిషం పట్టిందో పది నిమిషాలు పట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు. మామయ్య బతికాడు, బాగానే ఉన్నాడు.

ఆ తర్వాత గాజా వార్తల్లో ఒకటి చదివాను. 2023 డిసెంబర్ 9న గాజా సిటీలోని అల్ అహ్లీ ఆస్పత్రి నుంచి ఖాన్ యూనిస్‌లోని నాసర్ ఆస్పత్రికి 19 మంది సీరియస్ పేషెంట్లని తీసుకెళ్లారు, డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ల కన్వాయ్, పాలస్తీనా రెడ్ క్రెసెంట్ (అంటే అక్కడి రెడ్ క్రాస్) వాళ్ల అంబులెన్సులు. దూరం చూస్తే పాతిక కిలోమీటర్లు, మహా అయితే ఇంకో రెండు మూడు, అసలు మొత్తం గాజానే 41 కిలోమీటర్ల పొడవు. ఇజ్రాయెల్ ఆర్మీతో ముందే మాట్లాడుకుని బయల్దేరిన కన్వాయ్ అది. అయినా ఉత్తర, దక్షిణ గాజాల మధ్య ఉన్న వాదీ గాజా చెక్‌పోస్ట్ దగ్గర పోయేటప్పుడు ఆపారు, తిరిగొచ్చేటప్పుడూ ఆపారు, రెడ్ క్రెసెంట్ స్టాఫ్‌ని దించి పట్టుకున్నారు, దారిలోనే ఒక పేషెంట్ చనిపోయాడు. నాకు వెంటనే సిలిండర్ ముల్లే గుర్తొచ్చింది. మన అంబులెన్సుల్లో ఉండే చిన్న బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది, నిమిషానికి 10 లీటర్లు పోతోందంటే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు, ఆ లెక్కకి బండి నడుస్తోందా చెక్‌పోస్ట్‌లో ఆగి ఉందా అన్నది అనవసరం, ఆక్సిజన్ మాత్రం అయిపోతూనే ఉంటుంది.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో చూద్దామని వెనక్కి వెళ్లి చదివితే నాకు అర్థమైంది ఏంటంటే, 230 ఏళ్లలో బండ్లు మారాయి, మిషన్లు వచ్చాయి, చట్టం కూడా రాసుకున్నారు, కానీ దారి వదలాలా వద్దా అనేది ఇవాళ్టికీ అవతల తుపాకీ పట్టుకున్నవాడి ఇష్టం మీదే ఉంది.

అంబులెన్స్ అనే ఆలోచన మొదలైంది ఫ్రెంచ్ సైన్యంలో. అప్పటి పద్ధతి ప్రకారం యుద్ధం ఆగేదాకా దెబ్బ తగిలినవాళ్లు పడ్డచోటే ఉండాలి, బరువైన బండ్లు కిలోమీటర్ల దూరంలో వెనక ఎక్కడో ఉండేవి. 1792లో డొమినిక్ జాన్ లారే అనే కుర్ర సర్జన్ ఇది చూసి తట్టుకోలేక, గుర్రాలు లాగే తేలికపాటి బండ్లకి కింద స్ప్రింగులు పెట్టించి యుద్ధం జరుగుతుండగానే లోపలికి పంపడం మొదలుపెట్టాడు. ర్యాంకు చూడకుండా ఎవరికి దెబ్బ ఎక్కువ తగిలితే వాళ్లని ముందు చూడాలని పట్టుబట్టింది కూడా ఆయనే. ఇవాళ ప్రతి క్యాజువాలిటీలో చేసే ట్రయాజ్‌కి మూలం అదే.

స్ప్రింగులు అని ఊరికే రాయలేదు. ఆ తర్వాత 120 ఏళ్లకి పైగా గడిచాక కూడా స్ప్రింగుల్లేని బండ్లలో ఎముకలు విరిగినవాళ్లని వేసి లాగారు, వాళ్లలో ఎక్కువమంది మన ఇండియా నుంచి వెళ్లిన సిపాయిలు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 నవంబర్‌లో ఇప్పటి ఇరాక్‌లో, బాగ్దాద్‌కి కాస్త ఇవతల టెసిఫాన్ దగ్గర బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ పూనా డివిజన్ తుర్కీ సైన్యంతో తలపడి వేలమంది దెబ్బలు తిన్నారు. సరిపడా అంబులెన్సులు లేవు, సామాను మోసే కంచరగాడిదల బండ్లలో, ఇనుప చట్రం మీద పడుకోబెట్టి నది ఒడ్డుకి చేర్చారు, అక్కణ్ణుంచి స్టీమర్లలో, పడవల్లో కుక్కి టైగ్రిస్ నది మీద బస్రాకి, దాదాపు రెండు వారాల ప్రయాణం. మెజిదియే అనే స్టీమర్ బస్రా ఒడ్డుకి వస్తున్నప్పుడు ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో పనిచేసే మేజర్ కార్టర్ చూస్తుంటే ఓడ పక్కల నుంచి తాళ్లు వేలాడుతున్నట్టు కనపడిందట, దగ్గరికి వచ్చాక తెలిసింది అవి తాళ్లు కావు, లేవలేని మనుషులు పడుకున్నచోటే మలవిసర్జన చేస్తే అది కారి ఎండి వేలాడుతోంది. కట్లు మార్చినవాళ్లు లేరు, గాయాల్లో పురుగులు. ఆ టైమ్‌లోనే పైకి వెళ్లిన అఫీషియల్ టెలిగ్రామ్ మాత్రం గాయపడినవాళ్ల పరిస్థితి చాలా సంతృప్తికరంగా ఉందని చెప్పింది. కార్టర్ నోరు మూసుకోలేదు, అరెస్ట్ చేస్తామని పైవాళ్లు బెదిరించినా రిపోర్ట్ వెనక్కి తీసుకోలేదు, చివరికి ఎంక్వయిరీ కమిషన్ పడింది, 1917లో ఆ రిపోర్ట్ బయటికొచ్చాక బ్రిటన్‌లో ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లిన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ కార్టర్ పేరు మన స్కూల్ పుస్తకాల్లో ఉండాలి అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

చట్టం సంగతికి వస్తే, 1859లో సోల్ఫెరినో యుద్ధం తర్వాత పరిస్థితి కళ్లారా చూసిన ఆన్రీ డ్యునాంట్ పట్టుదలతో 1864లో మొదటి జెనీవా ఒప్పందం, రెడ్ క్రాస్ గుర్తు వచ్చాయి. అది సైనికుల కోసం. మామూలు జనం గురించి చట్టం రావడానికి రెండో ప్రపంచ యుద్ధం అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. 1949 నాలుగో జెనీవా ఒప్పందం 21వ ఆర్టికల్‌లో పేషెంట్లని తీసుకెళ్లే వాహనాల వరసలకీ, హాస్పిటల్ ట్రైన్లకీ రక్షణ ఇవ్వాలని రాశారు. 17వ ఆర్టికల్ ముట్టడిలో ఉన్న ఊరి నుంచి రోగుల్ని, ముసలివాళ్లని, పిల్లల్ని, కాన్పు కేసుల్ని బయటికి తేవడం గురించి, కానీ అందులో ఉన్న మాట ఏంటంటే రెండు వైపులవాళ్లూ ఒప్పందం చేసుకోవడానికి ప్రయత్నించాలి అని మాత్రమే. మొత్తం కథ ఆ ప్రయత్నించాలి అన్న మాట దగ్గరే ఆగిపోయింది. చెక్ చేసుకునే హక్కు సైన్యానికి లేదని ఎవరూ అనరు, శత్రువుకి నష్టం చేసే పనులకి ఆస్పత్రిని వాడితే వార్నింగ్ ఇచ్చాక దాని రక్షణ పోతుందని కూడా అదే చట్టం చెప్తుంది, హమాస్ ఆస్పత్రుల్ని, అంబులెన్సుల్ని వాడుకుంటోందనే ఇజ్రాయెల్ వాదిస్తుంది. కానీ పైపు పెట్టిన పేషెంట్‌ని ఎన్ని గంటలు ఆపొచ్చో ఏ ఆర్టికల్‌లోనూ రాయలేదు.

అంబులెన్స్ మీద గుర్తు వేసుకుంటే చాలా అంటే, 2025 మార్చి 23న రఫాలో జరిగింది చూడండి. 15 మంది సహాయ సిబ్బందిని చంపేశారు, వాళ్లలో 8 మంది రెడ్ క్రెసెంట్ వాళ్లు. బండ్లకి లైట్లు లేవు, అనుమానంగా వచ్చాయి అని ఇజ్రాయెల్ ఆర్మీ ముందు చెప్పింది, చనిపోయినవాళ్లలో ఒకరి ఫోన్‌లో వీడియో దొరికాక అందులో లైట్లు వెలుగుతూ కనపడ్డాయి, అప్పుడు మాట మార్చుకుంది.

ఇక వైద్యం వైపు నుంచి చూస్తే అసలు క్రిటికల్ పేషెంట్ అనే మాటే కొత్తది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించి ఊపిరి ఆగిపోతున్న పిల్లల గొంతులో పైపు పెట్టి, మెడికల్ స్టూడెంట్లు షిఫ్టులు వేసుకుని రాత్రీ పగలూ చేత్తో బ్యాగ్ నొక్కి బతికించారు, దాని వెనక ఉన్న డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్, ఐసీయూ అక్కడే పుట్టింది. 1956లో వదిలిపెట్టగానే తనంతట తనే ఉబ్బే అంబు బ్యాగ్ కూడా డెన్మార్క్‌లోనే వచ్చింది, గ్యాస్ సప్లై లేకపోయినా పనిచేస్తుంది, పెబ్బేరు దగ్గర మా మామయ్యని కాపాడింది అదే. అంతకుముందు ఊపిరి అందనివాళ్లని షిఫ్ట్ చేయడం దాదాపు అసాధ్యం, చాలామంది ఉన్నచోటే పోయేవాళ్లు. దానికి కాస్త ముందే కొరియా యుద్ధంలో, 1951 నుంచి, హెలికాప్టర్ బయట రెండు పక్కలా స్ట్రెచర్లు కట్టి దెబ్బ తగిలినవాళ్లని సర్జికల్ క్యాంపులకి చేర్చడం పెద్ద ఎత్తున మొదలైంది. అదే కొరియాలో మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కూడా పనిచేసింది, లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్ నాయకత్వంలో. 1950 డిసెంబర్‌లో ప్యాంగ్యాంగ్ నుంచి అందరూ వెనక్కి పోతుంటే వీళ్లకి బండ్లు లేవు, మెడికల్ సామాను వదిలి రమ్మంటే వదల్లేదు, పాత స్టీమ్ ఇంజన్ ఒకటి దొరికితే దానికి పెట్టెలు తగిలించి సామానంతా ఎక్కించి వాళ్లే నడుపుకుంటూ దక్షిణానికి తెచ్చారు.

1990ల దాకా అమెరికా వాళ్ల విమానాల్లో కూడా రూల్ ఒకటే, కండిషన్ నిలకడగా ఉన్న పేషెంట్‌నే ఎక్కించాలి. 1994 ప్రాంతంలో వాళ్ల ఎయిర్‌ఫోర్స్ దాన్ని మార్చింది, ఒక డాక్టర్, ఒక ఐసీయూ నర్స్, వెంటిలేటర్ చూసుకునే ఒక థెరపిస్ట్, ముగ్గురి టీమ్ తమ మిషన్లతో సహా విమానం ఎక్కి కూర్చుంటారు, విమానమే ఐసీయూ. ఇరాక్ యుద్ధంలో బలాద్ నుంచి జర్మనీలోని లాండ్‌స్టుల్ ఆస్పత్రికి, పొట్ట పూర్తిగా కుట్టకుండా తెరిచే ఉంచిన సైనికుల్ని కూడా ఇలా తీసుకెళ్లారు. అది సాధ్యమైంది ఆకాశం మొత్తం వాళ్ల చేతిలో ఉంది కాబట్టి. అదే ఇరాక్‌లో దెబ్బ తగిలిన మామూలు ఇరాకీకి ఆ విమానం లేదు.

ఉక్రెయిన్‌లో ఆకాశం ఎవరికీ లేదు, 2022 ఫిబ్రవరి 24 నుంచి సివిల్ విమానాలు బంద్. అందుకే వందేళ్ల కిందటి పద్ధతికి వెళ్లారు, రైలు. 2022 మార్చి 31న ఎంఎస్ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) డాక్టర్లు, ఉక్రెయిన్ రైల్వే కలిసి జపోరిజియా నుంచి 9 మందిని మొదటి ట్రిప్‌లో పడమర వైపు ల్వీవ్‌కి చేర్చారు. జపోరిజియా అంటే మనవాళ్లకి తెలిసిన పేరే, మన జిల్లాల నుంచి ఎంతమంది పిల్లలు అక్కడ మెడిసిన్‌లో చేరారో. తర్వాత ఎనిమిది పెట్టెల రైలు తయారుచేశారు, ఒక పెట్టె మొత్తం ఐసీయూ, ఆక్సిజన్ రైల్లోనే తయారవుతుంది, ప్రయాణం ఒక్కోసారి 20 గంటలు దాటుతుంది. జూన్ 6 నాటికి 653 మందిని తెచ్చారు. గొప్ప పని, కానీ గమనించాల్సింది ఒకటుంది, ఆ రైలు బయల్దేరే స్టేషన్, చేరే స్టేషన్ రెండూ ఒకే ప్రభుత్వం చేతిలో ఉన్నాయి, ఎవర్నీ అడగక్కర్లేదు. రష్యా ముట్టడిలో ఉన్న మరియుపోల్ ఊరి లోపలికి ఆ రైలు పోలేకపోయింది.

అడగాల్సి వస్తే ఏమవుతుందో సిరియాలో తూర్పు గూటా చెప్తుంది. 2017 చివరికి అక్కడ నాలుగు లక్షలమంది దాకా సిరియా ప్రభుత్వ సైన్యం ముట్టడిలో ఉన్నారు, బయటికి తీసుకెళ్తే తప్ప బతకరని సుమారు 500 మంది పేషెంట్ల లిస్ట్ తయారైంది, డమాస్కస్‌లో ఆస్పత్రులు అక్కడికి గంట దూరం కూడా లేవు. నెలలు గడిచాయి. డిసెంబర్ ఆఖర్లో మూడు రోజుల్లో కలిపి 29 మందిని వదిలారు, అది కూడా అవతలి తిరుగుబాటు గ్రూపు తన దగ్గరున్న 29 మంది బందీల్ని విడిచిపెడితేనే. లిస్ట్ చిన్నదవుతోంది, మనం బయటికి తెస్తున్నందుకు కాదు, వాళ్లు చనిపోతున్నందుకు, అనే అర్థంలో యూఎన్ సలహాదారు యాన్ ఎగెలాండ్ అప్పుడు మాట్లాడాడు. క్యాన్సర్ ఉన్న పిల్లల్ని బందీలకి బదులుగా లెక్కపెట్టడం అనేది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గాజాలో ఈ పర్మిషన్ గొడవ 2023 యుద్ధంతో మొదలైంది కాదు. అంతకుముందు కూడా అక్కడ రేడియోథెరపీ లేదు, క్యాన్సర్ పేషెంట్ జెరూసలెంకో వెస్ట్ బ్యాంక్‌కో పోవాలంటే ఇజ్రాయెల్ పర్మిట్ కావాల్సి వచ్చేది. 2017లో అడిగినవాళ్లలో 54 శాతం మందికే టైమ్‌కి దొరికింది, ఆ ఒక్క ఏడాది పర్మిట్ ఆలస్యమై, రాక 54 మంది చనిపోయారు, వాళ్లలో 46 మంది క్యాన్సర్ పేషెంట్లు. వెస్ట్ బ్యాంక్ నుంచి జెరూసలెం ఆస్పత్రికి పోయేవాళ్లది ఇంకో బాధ, పాలస్తీనా అంబులెన్స్‌ని ఎక్కువసార్లు చెక్‌పోస్ట్ దాటనివ్వరు, కాబట్టి రెండు అంబులెన్సుల్ని వెనకభాగాలు ఎదురెదురుగా పెట్టి పేషెంట్‌ని ఇందులోంచి అందులోకి మారుస్తారు. ఐసీయూలో పనిచేసినవాళ్లని అడగండి, మంచం మార్చే ఆ రెండు నిమిషాలే అందరికీ భయం, పైపు ఊడేది, సెలైన్ లైన్ లాగేసుకునేది, బీపీ మందు ఆగేది అప్పుడే, దాన్ని రోడ్డు మీద, ఎండలో వానలో, రోజూ చేస్తున్నారు.

2023 నవంబర్‌లో గాజా సిటీలోని అల్ షిఫా ఆస్పత్రిలో కరెంట్ పోయి ఇన్‌క్యుబేటర్లు ఆగిపోయాక నెలలు నిండని పిల్లల్ని ఒకే మంచం మీద పక్కపక్కన పడుకోబెట్టిన ఫోటో అందరం చూశాం. కొందరు పోయారు. మిగిలిన 31 మందిని 19వ తేదీన ఆరు అంబులెన్సుల్లో రఫాకి తెచ్చారు, 11 మంది పరిస్థితి విషమం, అందరికీ ఇన్ఫెక్షన్లే, ఏ ఒక్కరి వెంటా తల్లి గానీ తండ్రి గానీ లేరు. మర్నాడు 28 మంది ఈజిప్ట్ దాటారు. ఆ దాటిన రఫా గేటు 2024 మేలో మూతపడింది.

దానికి ముందు ఫిబ్రవరి 25న ఖాన్ యూనిస్‌లో అల్ అమల్ ఆస్పత్రి నుంచి 24 మందితో ఒక కన్వాయ్ బయల్దేరింది, ఒక గర్భిణి ఉంది, ఒక బాలింత, ఆమె పసిగుడ్డు ఉన్నారు. అన్నీ ముందే చెప్పుకున్నారు, పర్మిషన్ ఉంది. ఆస్పత్రి దాటగానే ఇజ్రాయెల్ సైనికులు ఆపేశారు, స్టాఫ్‌ని బయటికి దించి బట్టలు విప్పించారు, ముగ్గుర్ని పట్టుకున్నారు, ఏడు గంటలు బండ్లు కదల్లేదు. ఆ తర్వాత రెడ్ క్రెసెంట్ ఇలాంటి ట్రిప్పుల్ని 48 గంటలు ఆపేసింది, తన మనుషులకి గ్యారంటీ లేదని. అప్పటికి అల్ అమల్‌లో ఇంకా 31 మంది పేషెంట్లు ఉన్నారు.