బండి అమ్మేశాను, ఇక నాకేం సంబంధం?: అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒకాయన, రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నోటీసు పట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే "సార్, ఆ బండి అమ్మేసి మూడేళ్లయింది, నన్నెందుకు ఇరికించారు?" అన్నాడు. యాక్సిడెంట్ క్లెయిమ్ కేసులు చూసే నాకు ఈ మాట వినని నెల ఉండదు.

అపోహ: బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేశాను, వంద రూపాయల స్టాంపు పేపరు రాయించుకున్నాను. ఇకపై ఏం జరిగినా కొన్నవాడిదే బాధ్యత.

వాస్తవం: ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) చెప్పేది అదే. 2018లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో కారు వరుసగా చేతులు మారింది. ఆర్‌సీ మాత్రం మొదటాయన పేరు మీదే ఉండిపోయింది. పరిహారం ఆయనే కట్టాలని కోర్టు తేల్చింది. దెబ్బతిన్న మనిషి బండి ఎవరి నుంచి ఎవరికి పోయిందో వెతుక్కుంటూ తిరగాలా? ఆ తీర్పు న్యాయమైనదనే నేను నమ్ముతాను.

కానీ అది ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూశాను. ఒక రిటైర్డ్ మాస్టారు పాత బైకును ఆటో కన్సల్టెన్సీకి పదిహేను వేలకు ఇచ్చారు. ఆయన దాచుకున్న ఆ ఫారాల జిరాక్సు చూస్తే, కొన్నవాళ్ల పేరు రాయాల్సిన చోట ఖాళీ. తేదీ కూడా లేదు. "మళ్లీ అమ్మేటప్పుడు మేం నింపుకుంటాం సార్" అన్నారట. ఆ బండి ఎవరో కుర్రాడి చేతికి పోయింది. ఇన్సూరెన్సు లేదు. పనికెళ్లి వస్తున్న తాపీ మేస్త్రీని గుద్దాడు. కోర్టు నోటీసు వస్తే మాస్టారు 'నా బండి కాదుగా' అని బీరువాలో పెట్టేశారు. కేసు ఎక్స్‌పార్టీ అయిపోయింది, అంటే ఆయన వాదన వినకుండానే తీర్పు వచ్చేసింది. చివరికి ఇల్లు జప్తు చేయడానికి కోర్టు అమీను గుమ్మంలోకి వచ్చాకే నా దగ్గరకు వచ్చారు. ఆరు లక్షల చిల్లర, పైన వడ్డీ. వాయిదా రోజు కోర్టు వరండాలో ఒకే బల్లకు ఈ చివర మాస్టారు, ఆ చివర మేస్త్రీ భార్య కూర్చున్నారు. మేస్త్రీకి కాలు పోయింది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. పింఛనులోంచి వాయిదాల్లో కట్టుకునేలా ఒప్పించడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది.

ప్రమాదం రోజుకు థర్డ్ పార్టీ పాలసీ, అంటే మన బండి వల్ల దెబ్బతిన్నవాళ్లకు పరిహారమిచ్చే ఇన్సూరెన్సు, అమల్లో ఉంటే భారం ఇన్సూరెన్సు కంపెనీ మీదకు పోతుంది. బండి అమ్మినా ఆ పాలసీ బండితోనే వెళ్తుందని సెక్షన్ 157 చెబుతోంది. అయితే నడిపినవాడికి లైసెన్సు లేదని తేలితే కంపెనీ ముందు కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకునే కేసులు బోలెడు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకులకు ఒకేసారి ఐదేళ్ల థర్డ్ పార్టీ వస్తోంది. ఆ ఐదేళ్లు నిండాక చాలామంది రెన్యూవల్ మర్చిపోతారు. బండి సెకండ్‌హ్యాండ్‌లోకి పోయేదీ దాదాపు అప్పుడే.

కాబట్టి కొన్నవాళ్లతో కలిసి మీరే దగ్గరుండి ట్రాన్స్‌ఫర్ చేయించండి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో ఆర్‌టీఏకు తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాళ్లదే. ఫైనాన్సు ఉంటే ముందు అది ఆర్‌సీలోంచి తీయించండి. ఖాళీ ఫారాల మీద సంతకం వద్దే వద్దు. డీలరుకు ఇస్తుంటే, ఆయనకు ఆర్‌టీఏ ఇచ్చిన అధికారిక అనుమతి ఉందేమో అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అలాంటి డీలరుకు ఫారం 29సీ ద్వారా అప్పగిస్తే, బండి ఆయన దగ్గర ఉన్నంతకాలం ఆయన్నే ఓనరుగా చూస్తారు. వీధి చివరి కన్సల్టెన్సీకి అనుమతి లేకపోతే ఇది వర్తించదు. మా బాబాయికి స్కూటర్ ఇచ్చినప్పుడు కూడా పేరు మారాకే తాళాలిచ్చాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నోటీసు తీసుకోకపోతే కేసు నిలవదంటారు. తప్పు, తిరస్కరించినా అందినట్టే లెక్క. ట్రిపుల్ రైడింగ్ అయితే పరిహారం రాదన్నదీ తప్పే. ముగ్గురు ఎక్కినంత మాత్రాన పరిహారం తగ్గించకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు వచ్చే పథకం ఉంది. మూడేళ్లు ఐటీ రిటర్నులు వేసినవారు ప్రమాదంలో చనిపోతే ప్రభుత్వం వాళ్ల ఆదాయానికి పదింతలు ఇస్తుందన్న వాట్సాప్ మెసేజ్ పచ్చి అబద్ధం. దయచేసి అది ఫార్వర్డ్ చేయకండి, ఆ మాట నమ్మి వచ్చిన ఆడవాళ్లకు నిజం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

పోయిన వారం వచ్చినాయన సంగతి. ఆ రాత్రే ఆయన కొడుకు పాత మెయిల్‌లో పాలసీ కాపీ వెతికి పంపాడు. ప్రమాదం జరిగిన రోజుకు ఆ పాలసీకి ఇంకా పదకొండు రోజుల గడువుంది. ఇంకా కోర్టులో మా జవాబు (కౌంటరు) వేయాలి, నడిపినవాడి లైసెన్సు తేలాలి. ఫోన్లో ఆ తేదీ చదివి వినిపిస్తే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మళ్లీ ఒకసారి చదవండి సార్" అన్నాడు.