టైరులో ముల్లు

పిల్లలూ,

మొన్న మీలో ఒకమ్మాయి అడిగింది: "తాతయ్యా, నేను కంప్యూటర్లో ప్రోగ్రాం రాసి చేసిన ఆటలో నాణెం పట్టుకుంటే ఒక పాయింటు రావాలి కదా, ఒక్కోసారి రెండు వస్తున్నాయి. పోనీలే అని ఒకటి తీసేశాను. ఇప్పుడు ఒక్కోసారి సున్నా వస్తోంది. ఏం చేయను?" నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, నేనూ ఆ పని చేసినవాణ్ణే.

మీ వయసులో నా సైకిలు పంచరైంది. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, బకెట్ నీళ్లలో జానెడు జానెడు ముంచుతూ పోతే ఒకచోట బుడబుడమని బుడగలొచ్చాయి. గరుకుకాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ప్యాచ్ వేసి హీరోలా బయల్దేరాను. సాయంత్రానికి మళ్లీ గాలి లేదు. మళ్లీ ప్యాచ్. మూడోసారి మా నాన్న ఏమీ అనకుండా నా వేలు పట్టుకుని టైరు లోపలివైపు మెల్లగా తిప్పాడు. చురుక్కుమంది. ముల్లు అక్కడే ఉంది! నేను ట్యూబునే చూశాను తప్ప టైరు వైపు చూడనేలేదు.

ఆ ఒకటి తీసేయడం ప్యాచ్ వేయడమేనమ్మా. ముల్లు ఇంకెక్కడో ఉంది.

ముందు గాలి కొట్టాలి, అంటే తప్పు మళ్లీ మన కళ్లముందే జరిగేలా చేయాలి. ఎప్పుడో ఒకసారి వచ్చేదాన్ని ఊహించుకుని సరిచేయబోతే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. తర్వాత నీళ్లలో ముంచాలి: స్కోరు మారిన ప్రతిసారీ ఆ అంకెని తెరమీద చూపించమనండి, అవే బుడగలు. ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగు మార్చాక బాగైతే ఏది బాగుచేసిందో మీకూ తెలియదు. ప్రోగ్రాంలో వెయ్యి లైన్లున్నప్పుడు జానెడు జానెడు ఎక్కడ కుదురుతుంది, సరిగ్గా మధ్యలో చూడండి. అక్కడిదాకా లెక్క బాగుంటే ముల్లు రెండో సగంలో ఉన్నట్టే. అలా సగంలో సగం చేసుకుంటూ పోతే పదిసార్లలో ఒక్క లైనుకి చేరతారు. (ట్యూబు గుండ్రంగా ఉంటుంది కదా, దానికి మధ్య ఏమిటని అడక్కండి. నాకీ పోలిక వదలబుద్ధి కావడం లేదు.)

1947లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్-2 అనే పెద్ద కంప్యూటరు మొరాయిస్తే, విప్పి చూసినవాళ్లకి ఒక రిలేలో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లో, రెక్కల పురుగు దొరికింది. దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి పెట్టారు. ఇలాంటి తప్పుల్ని బగ్, అంటే పురుగు, అంటారు కదా, ఆ మాట అప్పుడే పుట్టిందంటారు గానీ కాదు, ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో వాడాడు. నాకు నచ్చింది మాట కాదు, వాళ్లు విప్పి చూడటం.

నాణెం సంగతి మాత్రం నేను చెప్పను. ఆటని బాగా నెమ్మది చేసి, బొమ్మ తాకిన క్షణం నుంచి నాణెం మాయమయ్యేదాకా రెప్పవేయకుండా చూడండి. ఆ కాస్తలో "తాకిందా?" అని ప్రోగ్రాం ఎన్నిసార్లు అడుగుతోందో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య